సవరణ: ఫ్రాంకల్ గురించి నేను రాసిన రెండు తప్పులు

ఖైదులో ఉన్నవాళ్లు బతుకులో అర్థం ఎలా వెతుక్కుంటారని మొన్న రాసిన పోస్టులో, వియన్నా మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ మూడేళ్లు నాజీల నిర్బంధ శిబిరం ఆష్విట్జ్‌లో ఉన్నారని, బతుకులో అర్థం వెతుక్కోవడానికి తోడ్పడే ఆయన మానసిక చికిత్స లోగోథెరపీ అక్కడే పుట్టిందని రాశాను. రెండూ తప్పే.

1942 సెప్టెంబరులో ఆయన్ను మొదట మరో నాజీ శిబిరమైన తెరేజిన్‌ష్టాట్‌కు తరలించారు. ఆష్విట్జ్‌కు చేరింది 1944 అక్టోబరులో, ఉన్నది కొద్ది రోజులే. ఆ తర్వాత జర్మనీలోని బవేరియా శిబిరాలు. 1945 ఏప్రిల్‌లో విముక్తి.

రెండో తప్పే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఆ చికిత్సను శిబిరం ఆయనకు నేర్పలేదు. అంతకుముందే వియన్నాలో, చావాలనుకునే మనుషులకు వైద్యం చేస్తూ దాన్ని మలుచుకున్నారు. దాని గురించి రాసి కోటులో దాచుకున్న రాతప్రతి ఆష్విట్జ్‌లో బట్టలతో పాటే పోయింది. తర్వాత టైఫస్ జ్వరంలో, దొరికిన చిన్న కాగితం ముక్కల మీద గుర్తొచ్చినవి మళ్లీ రాసుకున్నారు.

తప్పించుకోగలిగిన బాధను తప్పించుకోవాలనే ఆయనా చెప్పారు. నా పోస్టు చదివి, జైల్లో ఉన్న తమవాళ్లకు ఎవరైనా ‘కష్టం మంచిదేలే’ అని చెప్పి ఉంటే, దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. తప్పు నాది, క్షమించండి.