ఓనరు గారి ప్రైవసీకి ముప్పు

పనిచేసే చోట ఉద్యోగులకు ప్రైవసీ లేదని ఈ మధ్య కుర్రకారు గోల చేస్తున్నారు. తెలియక అంటున్నారు, పాపం. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏదో ఒక షాపుకు వెళ్లి, పక్క కౌంటరు మనిషి జీతమెంతో అడగండి. చెప్పరు. మీకు పీఎఫ్ ఎంత కడుతున్నారని అడగండి. వాళ్లకే తెలియదు. బోనసు లెక్క ఎట్లా వేశారో క్యాలిక్యులేటరుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇంత గుట్టుగా నడిచే చోట ప్రైవసీ లేదనడం అన్యాయం. ఉంది. కాకపోతే దాన్ని ఓనరు గారు తన బీరువాలో జాగ్రత్తగా పెట్టుకున్నారు.

నాకు తెలిసిన ఒక బట్టల షాపులో 16 కెమెరాలున్నాయి. మెట్ల దగ్గర, చీరల సెక్షన్లో, ఆఖరికి ఆడపిల్లలు క్యారియరు విప్పుకునే గదిలో కూడా. క్యాష్ కౌంటరు మీద ఉన్నది మాత్రం చాలాకాలంగా పనిచేయడం లేదు. అక్కడ కూర్చునేది ఓనరు గారి బావమరిది కాబట్టి రిపేరుకు ఎవరూ తొందర పడలేదు.

మొన్నామధ్య ఓనరు గారు కుటుంబంతో కొండకు వెళ్లారు. దర్శనం అయ్యాక కాటేజీలో కాళ్లు బారజాపుకుని ఫోన్ తెరిచారు. ఇక్కడ షాపులో గోడకున్న కెమెరాలోంచి గొంతు వినిపించింది: "ఏమ్మా, ఎందుకు కూర్చున్నావు?" ఎదురుగా స్టూలు మీద కూర్చుని పట్టుచీర అంచు చూసుకుంటున్న కస్టమరు పెద్దావిడ ఉలిక్కిపడి లేచి నిలబడింది. "మీరు కాదమ్మా, మీరు కూర్చోండి" అంది కెమెరా. లేవాల్సిన అమ్మాయి అప్పటికే లేచింది. పక్కనున్న తమిళనాడులో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే సదుపాయం ఇవ్వాలని 2021లో చట్టమే చేశారు. అది తడ చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోవడం మన వ్యాపారుల అదృష్టం.

బయట తిరిగే ఉద్యోగాలవాళ్లతో ఈ బాధ కూడా లేదు. కావలి, సింగరాయకొండ, ఒంగోలు లైను చూసే మెడికల్ రెప్ పొద్దున్నే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టి బండి స్టార్ట్ చేస్తాడు. అందులో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడే ఆప్షన్లున్నాయి. మన రాష్ట్ర మంత్రివర్గమేమో రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచడానికి 2025లో ఒప్పుకుంది. అంటే వాట్సాప్ మనకంటే రెండు గంటలు వెనకబడి ఉంది. ఆ లోటు మేనేజరు తీరుస్తాడు. సాయంత్రం కాగానే గ్రూపులో "లొకేషన్ ఆగింది, మళ్లీ పెట్టండి" అని మెసేజ్ వస్తుంది. దారిలో రైల్వే గేటు పడి మ్యాపులో చుక్క కదలకపోతే, గేటు ఫొటో పంపాలి. రైలు కూడా పడితే మరీ మంచిది.

ఇంత చురుకైన యంత్రాలకు ఒక్క చోట మాత్రం చత్వారం వస్తుంది. రొయ్యల ప్లాంటులో పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు పెట్టి పనిచేసే ఆడవాళ్ల వేళ్లు సాయంత్రానికి నాని ముడతలు పడతాయి. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల వేలిగీతలు రాయితో పాటే నున్నబడతాయి. గేటు దగ్గర హాజరు వేసే వేలిముద్రల మిషను వేలు మళ్లీ పెట్టమంటుంది. వేలు కొంగుకు తుడిచి పెడతారు. ఊహూ. తలకు రుద్ది కాస్త నూనె అంటించి పెడతారు. ఊహూ. బొటనవేలు పోయి చూపుడు వేలు వస్తుంది. వెనక లైను పెరుగుతుంది, వ్యాను డ్రైవరు హారన్ కొడుతుంటాడు.

"నువ్వు అవుట్ కొట్టలేదు కదమ్మా, సిస్టంలో సగం రోజే పడింది" అంటాడు సూపర్‌వైజరు.

"పొద్దున్నించి నువ్వు నన్ను చూస్తానే ఉండావు గదన్నా!"

"నేను చూస్తే లాభం లేదమ్మా. మిషను చూడాల."

దీన్ని సాంకేతిక లోపం అనేవాళ్లతో నేను ఏకీభవించను. పొరపాటున కూడా ఒక్క పూట కూలి ఎక్కువ పడనివ్వని యంత్రంలో లోపం ఎట్లా ఉంటుంది?

చట్టాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ప్రైవసీ ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. 547 పేజీల తీర్పు. అందులో ట్రంకు రోడ్డు ప్రస్తావన ఎక్కడా లేదు. ఇక మనుషుల ఒంటిని చాటుగా కెమెరాలో తీస్తే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఓనరు గారు చట్టాన్ని గౌరవించే మనిషి. బాత్రూములో కెమెరా పెట్టలేదు, తలుపు బయట పెట్టించారు. లోపల ఎవరు ఎంతసేపున్నారో తెలిస్తే చాలు ఆయనకు.

అసలు రుచి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చని ఏడో సెక్షన్ చెబుతుంది. పదకొండో సెక్షన్ దాన్ని మించింది. నా గురించి మీ దగ్గరేముందో చూపించండి అని అడిగే హక్కును, సమ్మతి ఇచ్చినవాళ్లకే ఇచ్చింది. మర్యాదగా అడిగి తీసుకున్న ఓనరు లెక్క చెప్పాలి, అడగకుండా ఏడో సెక్షన్ కింద తీసుకున్నాయన చెప్పక్కర్లేదు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. డేటాకు తగిన రక్షణ లేకపోతే సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. ఉద్యోగులు నవ్వుకోనక్కర్లేదు. పనికిమాలిన ఫిర్యాదు చేస్తే వాళ్లకూ 10,000 దాకా ఉంది. ఆ బట్టల షాపులో నెల జీతం ఇంచుమించు అంతే.

దసరా సీజన్లో రాత్రి పదకొండు దాకా ఉంచారని, ఓవర్‌టైం రాలేదని చీరల సెక్షన్ అమ్మాయి ఒకామె ధైర్యం చేసి అడిగింది. "కెమెరాలో ఉంటుంది కదా సార్, ఒకసారి చూడండి" అంది. ఓనరు గారు చాలా నొచ్చుకున్నారు. "అందులో నువ్వొక్కదానివే ఉండవు కదమ్మా, మిగతా పిల్లలూ ఉంటారు. వాళ్ల ప్రైవసీ ఏం కావాల?"

ఆ అమ్మాయి తర్వాతి మొహర్రానికి రొట్టెల పండక్కి వెళ్లింది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఉద్యోగ రొట్టె ఇచ్చేవాళ్లు దొరికారు, ఆరోగ్య రొట్టె దొరికింది, పెళ్లి రొట్టె ఎవరో పిలిచి మరీ చేతిలో పెట్టారు. ఓవర్‌టైం రొట్టె కోసం గట్టు పొడుగునా అడిగి చూసింది. అది దొరకాలంటే ముందు ఎవరో ఒకరికి ఆ డబ్బులు వచ్చి ఉండాలట.