పాయింట్ల పట్టిక ఒక్కటే చాలదు: డ్రాఫ్ట్ కుర్రాళ్ళ మీద తిరుగుతున్న వాదనకు జవాబు

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరపడుతుంటే ఏటా ఒక వాదన విపరీతంగా షేర్ అవుతుంది. సారాంశం ఇది: "పదిహేడేళ్ళ కుర్రాడి సత్తా తెలియాలంటే మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు చేశాడో చూస్తే చాలు. ఏ లీగ్‌లో కొట్టినా గోల్ గోలే, ఎలా వచ్చినా పాయింట్ పాయింటే. ఒకే డ్రాఫ్ట్‌లో ఉన్నారంటే అందరిదీ ఒకే వయసు. దానికి ఎత్తు, ఫిట్‌నెస్ పరీక్షల ఫలితాలు కలిపితే లెక్క తేలిపోతుంది. కుర్రాళ్ళను వెతికే స్కౌట్లు ఊళ్ళు తిరిగి చూసి చెప్పేది వట్టి అభిప్రాయం."

గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు) కలిపితే వచ్చే ఆ పాయింట్లకు విలువ లేదని ఎవరూ అనరు. కానీ అవి ఎక్కడ, ఏ వయసులో, ఎవరి పక్కన ఆడితే వచ్చాయో చూడకుండా వాడితే, ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో జట్టుకు దక్కిన మంచి అవకాశం చేజారిపోతుంది. ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

"ఏ లీగ్‌లో కొట్టినా గోల్ గోలే"

2024 జనవరిలో హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ రంజీలో 366 కొట్టాడు. అద్భుతమైన ఇన్నింగ్స్. అయినా అది బలహీన జట్లుండే ప్లేట్ గ్రూప్‌లో, అరుణాచల్ ప్రదేశ్ బౌలింగ్ మీద అని క్రికెట్ తెలిసినవాళ్ళెవరూ మరిచిపోరు. హాకీకి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకు వదిలేయాలి?

మోరిట్స్ సైడర్ డ్రాఫ్ట్ ఏడాదిలో జర్మనీ అగ్రశ్రేణి లీగ్‌లో ఆడ్లర్ మన్‌హైమ్ తరఫున 29 మ్యాచ్‌లు ఆడి 2 గోల్స్, 4 అసిస్ట్‌లు చేశాడు. మొత్తం ఆరే పాయింట్లు. ఈ వాదన ప్రకారమైతే అతని పేరే పరిశీలనకు రాకూడదు. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు డెట్రాయిట్ 2019లో అతణ్ణి ఆరో స్థానంలో తీసుకుంది, 2022లో అతను ఉత్తమ నూతన ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. అతని మన్‌హైమ్ ఆటలో చూడాల్సింది పాయింట్లు కాదు, పదిహేడేళ్ళ డిఫెన్స్‌మన్‌ను పెద్దవాళ్ళ మీదికి కోచ్ ఎంత ధైర్యంగా దింపాడన్నది.

కేల్ మకార్‌ది దీనికి తలకిందులు. అల్బర్టా జూనియర్ లీగ్‌లో, అంటే కెనడాలో కుర్రాళ్ళ అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ జూనియర్ కంటే ఒక మెట్టు కింద, 54 మ్యాచ్‌ల్లో 75 పాయింట్లు చేశాడు. చిన్న లీగ్ కదా అని ఆ అంకెను కొట్టిపారేస్తే 2022లో నోరిస్ (ఉత్తమ డిఫెన్స్‌మన్), కాన్ స్మైత్ (ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు) ట్రోఫీలు రెండూ గెలిచినవాణ్ణి వదులుకున్నట్టే.

ఒక లీగ్ పాయింటును ఇంకో లీగ్ పాయింటుగా మార్చే గుణకాలు ఉన్నాయి. పనికొస్తాయి, కానీ అవి సగటులు. పెద్దల లీగ్‌లో కుర్రాడికి తరచుగా నాలుగో లైన్‌లో, అంటే చివరి ఫార్వర్డ్‌ల బృందంలో, కొద్ది నిమిషాలే దొరుకుతాయి, పవర్ ప్లే (శిక్షపడి ఎదుటి జట్టులో ఒకరు తగ్గినప్పటి ఆట) దొరకదు. అక్కడ గుణకం అతణ్ణి తక్కువ చేసి చూపిస్తుంది. ముందుగా అదే లీగ్‌లో అదే వయసులో గతంలో ఆడినవాళ్ళతో పోల్చండి. ఆ పోలికలోనూ ఇప్పుడో చిక్కుంది: 2025 ఆగస్టు నుంచి కెనడా మేజర్ జూనియర్ ఆటగాళ్ళకు అమెరికా కాలేజీ హాకీ తలుపులు తెరుచుకున్నాయి. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళవాళ్ళు కొందరు అటు వెళ్ళిపోతే మిగిలినవాళ్ళకు గోల్స్ తేలికవుతాయి. అందుకే పాత సీజన్ల అంకెలతో నేరుగా పోల్చకూడదు.

"ఒకే డ్రాఫ్ట్‌లో ఉన్నారంటే అందరిదీ ఒకే వయసు"

కాదు. సెప్టెంబర్ 15 నాటికి 18 నిండాలన్నది నియమం. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు, రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయింది. ఆ ఏడాది స్విస్ లీగ్‌లో పెద్దవాళ్ళతో ఆడి 36 మ్యాచ్‌ల్లో 46 పాయింట్లు చేసి, 2016లో మొదటి స్థానంలో వెళ్ళాడు.

2026 డ్రాఫ్ట్‌కు 2007 అక్టోబర్‌లో పుట్టినవాడూ 2008 ఆగస్టులో పుట్టినవాడూ కలిసే వస్తారు. మేజర్ జూనియర్‌లోకి పిల్లల్ని పుట్టిన సంవత్సరం చూసి తీసుకుంటారు. పదహారేళ్ళకే చేరినవాళ్ళైతే, 2025-26లో మొదటివాడిది మూడో సీజన్, రెండోవాడిది రెండోది. కాబట్టి ఆగస్టు కుర్రాడి 2025-26 సీజన్‌ను అక్టోబర్ కుర్రాడి 2024-25 సీజన్‌తో పోల్చాలి. అప్పుడు మ్యాచ్‌ల నాటికి ఇద్దరి వయసూ ఇంచుమించు సరిపోతుంది. ఇది పది నిమిషాల పని, అయినా షేర్ అవుతున్న పట్టికల్లో చాలావాటిలో పుట్టినతేదీ గడి కూడా ఉండదు.

"ఎలా వచ్చినా పాయింట్ పాయింటే"

ఒక గోల్‌కు ఇద్దరి దాకా అసిస్ట్ ఇస్తారు. ఉదాహరణకు ఒకడికి 80 పాయింట్లున్నాయనుకుందాం. అందులో పవర్ ప్లేలో వచ్చినవి 34, ఐదుగురికి ఐదుగురున్నప్పుడు వచ్చిన రెండో అసిస్ట్‌లు 18, గోలీ లేని ఖాళీ నెట్‌లో కొట్టినవి 4 తీసేస్తే మిగిలేవి 24. ఇంకొకడివి 60 పాయింట్లే, కానీ అందులో 38 సమాన బలంతో ఆడుతూ తానే కొట్టినవీ, గోల్‌కు చివరి పాస్ తానే ఇచ్చినవీ. ఎన్‌హెచ్‌ఎల్‌కు వచ్చిన కొత్తలో చాలామందికి పవర్ ప్లే దక్కదు. అక్కడ నిలబెట్టేది రెండోవాడి ఆటే. షాట్ల శాతం కూడా చూడండి: నూటికి పాతిక షాట్లు గోలవుతుంటే వచ్చే ఏడాది అది అలాగే ఉంటుందని నమ్మకండి.

పక్కన ఆడేవాళ్ళ ప్రభావం తేలాలంటే వాళ్ళు మారినప్పుడు చూడాలి. 2014-15లో అలెక్స్ డెబ్రింకాట్ జూనియర్ జట్టు ఎరీ ఆటర్స్‌కు 51 గోల్స్ కొట్టాడు. ఆ జట్టులో కానర్ మెక్‌డేవిడ్ ఉన్నాడు కాబట్టే అన్నారు. మెక్‌డేవిడ్ వెళ్ళిపోయాక 2015-16లో మళ్ళీ 51 కొట్టాడు. సమాధానం అక్కడే ఉంది. అయినా అయిదడుగుల ఏడంగుళాల ఎత్తు చూసి జట్లు 39వ స్థానం దాకా ఆగాయి. ఇక్కడ పాయింట్లు చెప్పింది నిజం, ఎత్తు మీద పెట్టుకున్న భయమే తప్పు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అతను రెండు సీజన్లలో 41 చొప్పున గోల్స్ కొట్టాడు.

"చూసి చెప్పేది వట్టి అభిప్రాయం"

అన్నిటికంటే నష్టం చేసే మాట ఇదే. చూడటం అంటే లెక్కపెట్టడం.

డిఫెన్స్‌మన్‌ను తీసుకోండి. ప్రత్యర్థి పక్‌ను, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళను, మూలకు కొట్టి వెంటపడతాడు, మన కుర్రాడు వెనక్కి వెళ్ళి దాన్ని అందుకోవాలి. అందుకునే లోపు భుజం మీదుగా ఎన్నిసార్లు వెనక్కి చూశాడు? రెండుసార్లు చూసినవాడికి మీదికి వచ్చేవాడు ఏ పక్కనుంచి వస్తున్నాడో తెలుసు. పక్ కర్రకు తగలకముందే నడుము తిప్పుకుని, పాస్ ఎటివ్వాలో తేల్చుకుని ఉంటాడు. ఒక్కసారీ చూడనివాడు పక్ దొరికాక తల ఎత్తుతాడు. అప్పటికి ఎదుటివాడు మీదున్నాడు, చేసేది లేక పక్‌ను రింక్ చుట్టూ ఉన్న గ్లాస్‌కు తగిలేలా తమ జోన్ బయటికి కొట్టేస్తాడు. జూనియర్‌లో వెంటపడేవాళ్ళు నిదానం కాబట్టి ఈ రెండోవాడికీ రోజులు గడిచిపోతాయి, పాయింట్లూ వస్తాయి. పై స్థాయిలో ఆ అర సెకను దొరకదు.

ఇలాంటి ప్రతి సందర్భానికీ మూడు గడులు నింపండి: ముందే చూశాడా, మీద ఒత్తిడి ఉందా, పక్ మనవాడి కర్రకు చేరిందా. ఫార్వర్డ్ అయితే ప్రత్యర్థి జోన్ మొదలయ్యే బ్లూ లైన్ దాటేటప్పుడు పక్ తన దగ్గరే ఉంచుకున్నాడా, లోపలికి విసిరేశాడా. దాటాక గోల్ ముందుండే స్లాట్‌లోకి వెళ్ళాడా, రింక్ అంచు గోడలైన బోర్డుల వెంటే తిరిగాడా. పక్ పోగొట్టుకున్న వెంటనే వెనక్కి పరుగెత్తాడా, నిలబడి చూశాడా. కనీసం ఐదు మ్యాచ్‌లు చూడండి. వాటిలో బలమైన జట్టు మీద ఒకటి, మూడు రాత్రుల్లో మూడో మ్యాచ్ ఒకటి తప్పకుండా ఉండాలి. గోల్స్ మాత్రమే ఉన్న క్లిప్పులు చూసి రాయకండి, అందులో తప్పులన్నీ కత్తిరించేసి ఉంటాయి.

స్కేటింగ్ బాగోలేదని తేలితే ఎందుకో కూడా రాయాలి. మోకాలు చాలినంత వంచకపోవడం, అడుగు పూర్తిగా చాచకపోవడం దిద్దగలిగినవి. బ్రేడెన్ పాయింట్ స్కేటింగ్ మీద సందేహాలతోనే 2014లో 79వ స్థానంలో వెళ్ళాడు. అతణ్ణి తీసుకున్న టాంపా బే దాని మీద స్కేటింగ్ కోచ్ బార్బ్ అండర్‌హిల్ చేత పని చేయించింది, 2022-23లో అతను 51 గోల్స్ కొట్టాడు. ఆట చదవలేకపోవడాన్ని దిద్దడం అంతకంటే చాలా కష్టం. నెయిల్ యాకుపోవ్ కెనడా జూనియర్ జట్టు సార్నియాలో తొలి సీజన్‌లోనే 101 పాయింట్లు చేశాడు, 2012లో మొదటి స్థానం అతనిదే. ఎన్‌హెచ్‌ఎల్‌లో 350 మ్యాచ్‌లకు వచ్చినవి 136 పాయింట్లు.

"ఫిట్‌నెస్ పరీక్షలతో లెక్క తేలిపోతుంది"

ఆ పరీక్షలు జరిగే కంబైన్‌లో సైకిల్ ఉంటుంది, గెంతు ఉంటుంది, పుల్-అప్‌లు ఉంటాయి. మంచు మీద పెట్టే పరీక్ష ఒక్కటీ ఉండదు. 2014లో సామ్ బెన్నెట్ ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయాడని ఖండాంతరాల దాకా ప్రచారం జరిగింది. 2025లో ఫ్లోరిడా జట్టు ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు అతనే.

గోల్‌కీపర్లకు ఈ వాదనలో చోటే లేదు, వాళ్ళకు పాయింట్లు దాదాపు ఉండవు కాబట్టి దాన్ని సేవ్ శాతంతో (వచ్చిన షాట్లలో ఆపినవాటి శాతం) సరిపెడుతున్నారు. అదీ జట్టు డిఫెన్స్‌ను బట్టి మారేదే. కానర్ హెల్లెబక్‌ను టెక్సస్‌లోని ఒడెస్సా జట్టు నుంచి 2012లో 130వ స్థానంలో తీసుకున్నారు, 2025లో అతను లీగ్ అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు. గోలీని చూసేటప్పుడు షాట్ ఆపాడా లేదా అన్నదానికంటే, షాట్ వచ్చే క్షణానికి కదలిక ఆగి రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడా, వెనక్కి తుళ్ళిన పక్‌ను ఎటు పంపాడు అన్నవి రాసుకోండి.