గాలం వేయనివాళ్ళ కోనసీమ

అమెరికా నుంచి సెలవులకి కోనసీమలో సొంతూరు వెళ్ళే మన తెలుగు సంఘం కుటుంబాల్లో ఈమధ్య కొత్త అలవాటు మొదలైంది. తాతగారిల్లు అమ్మేసి ఉంటారు, లేదా తాళం పడి ఉంటుంది. కాబట్టి దిండిలోనో, ఆ చుట్టుపక్కలో ఒక రిసార్టులో గది తీసుకుంటున్నారు. వశిష్ఠ గోదావరి ఒడ్డు, కొబ్బరిచెట్ల మధ్య కాటేజీ, రేవులో హౌస్‌బోటు. తప్పేం లేదు. అమెరికా వచ్చాక చేపల సరదా పట్టుకున్న బావగారు ప్రతి కుటుంబంలోనూ ఒకాయన ఉంటారు. ఆయనకి గాలం, పడవ ఉంటే పొద్దు గడిచిపోతుంది. మిగతావాళ్ళ సంగతేంటి?

వాళ్ళకి రిసార్టువాళ్ళిచ్చే పట్టిక ఏ ఊళ్ళోనైనా ఒకటే. స్విమ్మింగ్ పూల్, రెయిన్ డాన్స్, క్యారమ్స్, సాయంత్రం డీజే. మర్నాటికే పిల్లలు ఫోన్లలో పడతారు. పెద్దవాళ్ళు అంతర్వేది నరసింహస్వామి దర్శనం చేసుకుని, దారిలో మోరి జీడిపప్పు కొనుక్కుని వచ్చేస్తారు. రాజోలు తాలూకాలో పుట్టినవాణ్ణి కాబట్టి ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా వైపు చూడాల్సినవి గుళ్ళు, ఏరులు ఎన్ని ఉన్నా, అసలు గొప్పంతా మనుషుల చేతిపనిలో ఉంది. ఆ పని చూపించమని రిసార్టుల్ని మనం అడగాలి. చూపించినవాళ్ళకి ఆ పూట కూలీ కట్టివ్వాలి. ఈ రెండో మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆత్రేయపురం పూతరేకుల సంగతి చూడండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. నీళ్ళలా జారే బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. రెప్పపాటులో రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది, చేతులు ఆగితే చిరుగుతుంది. ఆ వేడి ముందు గంటల తరబడి కూర్చునేది ఆడవాళ్ళే. పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ జరిగేదేమిటంటే కారు ఆపుతాం, ఫోన్ తీస్తాం, “అమ్మా, ఇంకొక్కసారి ఇటు తిరిగి లాగండి” అంటాం, వీడియో అయ్యాక రోడ్డు మీద కొట్లో రెండు డబ్బాలు కొనుక్కుని పోతాం. ఆవిడ లెక్క రేకుల లెక్క. మన కోసం ఆగిన ప్రతి నిమిషమూ ఆవిడకి నష్టమే. కొట్టువాడికి మన డబ్బు ముట్టింది, ఆవిడకి ముట్టలేదు.

అదే గంటన్నర కూర్చుని, పిల్లల చేత కూడా గుడ్డ పట్టించి, ముందే మాట్లాడుకున్న డబ్బు ఆవిడ చేతిలో పెడితే అది పర్యటన. మొదటి రేకు చిరిగిపోయాక మన పిల్లలకి పూతరేకు ధర ఎందుకంతో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నర్సాపురం లేసు కథా ఇంతే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలిగట్టు నర్సాపురం. (పంటు ఎక్కడం పెద్ద విహారమే. మోటారుసైకిళ్ళు, కార్లు, కూరగాయల గంపలు, పెళ్ళికెళ్ళేవాళ్ళు అందరూ ఒకే బల్ల మీద నది దాటుతారు. హౌస్‌బోటులో ఏసీ గదిలోంచి కనిపించే గోదావరి వేరు, ఇది వేరు.) 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడి పల్లెల్లో ఇల్లిల్లూ పాకింది. సరుకు దేశాలు దాటి వెళ్ళింది, అల్లిన చేతికి మాత్రం ముక్కకింతని ఏజెంటు ఇచ్చేదే. 2024లో దీనికీ జీఐ వచ్చింది. ఇంటి అరుగు మీద కూర్చుని ఒక పూట అల్లిక నేర్పమంటే నేర్పేవాళ్ళున్నారు. వాళ్ళని వెతికి, ధర మాట్లాడి, అతిథుల్ని పంపే మనిషే రిసార్టుల్లో లేడు.

కొబ్బరి సంగతి చెప్పక్కర్లేదనుకుంటారు గానీ, మన పిల్లలకి తెలిసిన కొబ్బరి స్ట్రా పెట్టిన బోండమే. దింపు తీసే మనిషి చెట్టెక్కడం, గునపం మీద కాయ ఒలవడం, అటక మీద నెలల తరబడి ఎండబెట్టిన కురిడీ, అంబాజీపేట మార్కెట్లో కాయ బేరం, పీచు తాడుగా మారడం, ఇదంతా ఒక పొద్దుటిపూటలో చూడొచ్చు. ఒక్క మనవి. ఫోటో కోసం దింపు కార్మికుణ్ణి ఊరికే చెట్టెక్కించకండి. ఆ ఎక్కడంలో ప్రాణం పణంగా ఉంటుంది.

పూర్తిగా ఒక రోజు ఉంటే యానాం మీదుగా కోరంగి వెళ్ళండి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన చోటు, 235 చదరపు కిలోమీటర్లు. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడుస్తుంటే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు కనిపిస్తాయి. ఊపిరి పీల్చుకునే వేళ్ళవి. బావురుపిల్లి ఉండే అడవి, అయినా అది రాత్రి తిరిగే జీవి కాబట్టి ఆశ పెట్టుకోకండి. నీటికుక్కలు, కొంగలు కనిపిస్తే అదృష్టం. పడవ సంగతి ముందే కనుక్కోండి. పోటు మీదే తిరుగుతుంది, పాటు వచ్చిందంటే పాయల్లో నీళ్ళుండవు. పొద్దున్న తొమ్మిదికి టిఫిన్, పదింటికి బోటింగ్ అని రిసార్టు వేసిన టైమ్‌టేబుల్ సముద్రానికి తెలీదు కదా.

ఇంకో మాట, ఇది మన బోటి వలసవాళ్ళ కోసం. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 నవంబరు తుపాను దాన్ని తుడిచిపెట్టింది. ఈ తీరం నుంచే మన వాళ్ళు రంగూన్‌కి ఓడలెక్కారు, మిల్లుల్లో, రేవుల్లో కూలీలుగా బతికారు. ఐ-20 (అమెరికా చదువు) కాగితాలతో విమానం ఎక్కిన తరమే మొదటిదని అనుకునే మన పిల్లలకి ఆ మడ అడవి పక్కన నిలబెట్టి ఈ సంగతి చెప్పండి. రెయిన్ డాన్స్ రద్దయినా నష్టం లేదు.

సంక్రాంతికి వెళ్ళేవాళ్ళ గురించి మాట్లాడాలంటే కాస్త మొహమాటంగా ఉంది. గదులన్నీ కోడిపందేల కోసమే నిండుతాయని అందరికీ తెలుసు, చట్టం ఒప్పుకోదనీ తెలుసు. నేను కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఓటేస్తాను. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల (రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాల) మీద వచ్చి ఆ తోటలో కలుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక ఏరు దాటించే దృశ్యం చూడాలి. పచ్చటి చేలల్లోంచి జనం నడిచినా రైతు కోపగించుకోడు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీధుల్లో మన రాష్ట్ర శకటం ఇదే. పక్కనే మామిడికుదురు వైపు ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది. ఇటుకలతో కట్టిన చక్రం ఆకారపు పునాది, చుట్టూ కొబ్బరితోటలు. వెళ్తే చాలాసార్లు అక్కడ మీరే ఉంటారు.

అమెరికా స్కూళ్ళ వేసవి సెలవుల్లో వెళ్ళేవాళ్ళకి మాత్రం వేరే లెక్క. ఎండాకాలం మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, గట్టు మీద సైకిల్ తొక్కినా పక్కన బురదే. జులై, ఆగస్టుల్లో వరదొస్తే పంటు ఆగుతుంది, లంక ఊళ్ళు నీళ్ళలో ఉంటాయి. ఆ రోజుల్లో ధవళేశ్వరం వెళ్ళి బ్యారేజీ గేట్లలోంచి ఎర్రనీళ్ళు దూకడం చూసి, కాటన్ మ్యూజియం తిరిగి రావడం మంచిది. ఎప్పుడెక్కినా, ఏ పడవైనా, లైఫ్ జాకెట్ అడగడానికి సిగ్గుపడొద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం గుర్తున్నవాళ్ళెవరూ దాన్ని చాదస్తం అనరు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు చూడండి గానీ, సంగమంలో ఈతకి దిగకండి.

ఈ ఆలోచన చెప్పినప్పుడు మా మేనల్లుడు ఒక ప్రశ్న వేశాడు. “పేదవాళ్ళ కష్టాన్ని టికెట్టు పెట్టి చూడ్డం బాగుంటుందా మావయ్యా?” మంచి ప్రశ్నే. ఇప్పుడు టికెట్టు లేకుండా చూస్తున్నాం కదా, అది ఇంకా అన్యాయం. రేటు ఆ మనిషే చెప్పాలి, ఇష్టం లేని రోజు రావద్దనాలి, మనం కూర్చుని చేతులు మురికి చేసుకోవాలి. ఈ మూడూ లేకపోతే వాడి మాటే నిజం.

2027లో పుష్కరాలున్నాయి. అప్పటికి గదులు ఎటూ పెరుగుతాయి. ఈలోగా మన సంఘం యూత్ టూర్ కమిటీ ఒక చిన్న పని చేయొచ్చు. రిసార్టుతో ప్యాకేజీ మాట్లాడేటప్పుడు డీజే ఖర్చు కొట్టేయించి, ఆ డబ్బుని రేకులు తీసే ఇంటికీ, లేసు అల్లే ఇంటికీ, దింపు మనిషికీ నేరుగా ఇచ్చేలా కాగితం మీద రాయించాలి. బిల్లులో ఆ పద్దు విడిగా కనబడాలి. కనబడకపోతే అడ్వాన్సు పంపొద్దు.