కోర్టు లెక్క కట్టి చెప్పింది కాబట్టే కంచంలో అన్నం పడింది

చదువుల విషయంలో కోర్టులకేం పని, అది ప్రభుత్వం చూసుకోవాల్సింది అని ఈ మధ్య చాలామంది అంటున్నారు. నేను మండల పరిషత్ బడిలో టీచర్‌ని. ఆ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది.

మధ్యాహ్న భోజనం సంగతే చూడండి. కేంద్రం ఈ పథకం పెట్టింది 1995లో. చాలా రాష్ట్రాలు పొయ్యి వెలిగించకుండా, హాజరు చూసి నెలకు 3 కిలోల బియ్యం చేతిలో పెట్టి ఊరుకున్నాయి. మన దగ్గరా అంతే. బియ్యం ఇంటికి పోయేవి, పిల్లలు మధ్యాహ్నానికి నీరసపడిపోయేవాళ్లు.

2001లో గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే రాజస్థాన్‌లో జనం పస్తులున్నారని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకెక్కింది. ఆ నవంబర్ 28న కోర్టు ఏం రాసిందో చూడండి: ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడిలో వండిన భోజనం, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు. పిల్లల పోషణపై శ్రద్ధ పెట్టండి అని వదిలేసి ఉంటే ఆ కాగితం ఏ బీరువాలోనో పడి ఉండేది. అమలు చూడడానికి కమిషనర్లనూ వేసింది. వాళ్లలో ఒకరు మన రాష్ట్రంలో దళితుల కోసం, వెట్టి విముక్తి కోసం పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు. మన బడుల్లో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది.

మా బడిలో వంట చేసే అక్క సోమవారం ఒక డబ్బా బియ్యం ఎక్కువ పోస్తుంది. ఎందుకక్కా అంటే, "నిన్న బడి లేదు కద సార్, ఆకలి మీదొస్తారు" అంది. మిగతా రోజుల్లో ఎలాగో సర్దుతుంది. సోమవారం గిన్నె అడుగు కనిపించేదాకా తింటారు పిల్లలు. ఇది కళ్లారా చూశాక కోర్టుకెందుకు అని నేనెలా అనగలను?

నా అసంతృప్తి వేరే ఉంది. వంటవాళ్ల నియామకంలో ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో అదే కోర్టు చెప్పింది. చాలా మంచి మాట. మా అక్క అలా వచ్చిన మనిషే. కానీ వాళ్లకు ఎంతివ్వాలి, ఏ తేదీకివ్వాలి అనేది కేలరీల్లాగా లెక్కకట్టి ఎవరూ రాయలేదు. 2009లో కేంద్రం నెలకు 1,000 రూపాయలన్నది, అదీ ఏడాదికి 10 నెలలే. జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. రాష్ట్రాలు పైన కొంత కలిపినా బిల్లులు ఎప్పుడొస్తాయో తెలియదు.

ఈ నెల కూడా పప్పు, నూనె కిరాణా కొట్లో ఆమె పేరు మీదే అరువు.