మెదడులోకి గుచ్చే ఎలక్ట్రోడ్ కంటే పైన పరిచే గ్రిడ్ క్షేమమా? కాదు

మందులకు లొంగని ఫిట్స్ ఉన్నవాళ్ల ఇళ్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆపరేషన్‌కు ముందు ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో చూడటానికి మెదడులోకి ఎలక్ట్రోడ్లు (విద్యుత్ సంకేతాలను పట్టే సన్నటి తీగలు) గుచ్చుతామంటే ఒప్పుకోవద్దట, మెదడు పైన పరిచే గ్రిడ్డే, అంటే ఎలక్ట్రోడ్లు అమర్చిన పలకే, అడగాలట, అది సేఫ్ అట, దానితో మెదడంతా కనబడుతుందట, గుచ్చడం కొత్త ప్రయోగమట.

ముందు ఆ సేఫ్ సంగతి. గుచ్చడం అనగానే భయం వేస్తుంది, అది సహజం. కానీ గ్రిడ్ పెట్టాలంటే పుర్రె ఎముకలో పెద్ద ముక్క తీయాలి, దాని కింద మెదడును కప్పి ఉండే డ్యూరా పొర కోయాలి, అప్పుడు గానీ ఆ సిలికాన్ పలకను మెదడు మీద పరచలేరు, పైగా దాని కింద రక్తం చేరినా మెదడు వాచినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. గుచ్చే పద్ధతి, అంటే స్టీరియో ఈఈజీలో, వేసేవి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రాలు, ఎలక్ట్రోడ్ మందం 0.8 మిల్లీమీటర్లు. రక్తనాళాలు తగలకుండా ఒక్కోదానికీ స్కాన్ చూసి ముందే దారి గీసుకుంటారు. 2019లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికాలోని హ్యూస్టన్ అధ్యయనం 260 కేసులు పోల్చింది: రక్తస్రావంతో ఇబ్బంది పడినవాళ్లు గ్రిడ్ వైపు 7గురు, స్టీరియో ఈఈజీ వైపు ఒక్కరూ లేరు. అది ఒకే కేంద్రంలో పాత రికార్డులు చూసి చేసిన పని, అందుకని స్టీరియో ఈఈజీలో రక్తస్రావమే జరగదని నేను అనను. అన్ని అధ్యయనాలూ కలిపి చూస్తే వందలో ఒకరికి జరుగుతుంది. కానీ గ్రిడ్ దానికంటే సేఫ్ అనడం మాత్రం తప్పు.

"మెదడంతా కనబడుతుంది" అన్నది అసలే కాదు. గ్రిడ్‌కు తెలిసేది అది పరిచిన చోటు ఉపరితలమే, లోతున ఉన్న ఇన్సులా, హిప్పోక్యాంపస్ లాంటి భాగాలు, మెదడు మడతల అడుగు దానికి సరిగా అందవు. స్టీరియో ఈఈజీ అక్కడికి వెళ్తుంది, రెండు వైపులా ఒకేసారి చూస్తుంది, అయితే ఎలక్ట్రోడ్ పక్కన ఏముందో అదే దానికి తెలుస్తుంది, డాక్టర్ల అంచనా తప్పితే అసలు చోటు దొరకదు.

కొత్త ప్రయోగమా? పారిస్‌లో టలైరాక్, బాంకో అనే డాక్టర్లు స్టీరియో ఈఈజీని 1950ల చివర్లోనే మొదలుపెట్టారు!

గ్రిడ్ అవసరం ఉన్నవాళ్లూ ఉన్నారు. ఫిట్స్ పుట్టే చోటు మాటకో చేతి కదలికకో సంబంధించిన భాగాన్ని ఆనుకుని పైభాగంలోనే ఉంటే, ఎక్కడిదాకా కోయొచ్చో గీత గీయడానికి అది బాగా పనికొస్తుంది. రెండేళ్ల లోపు పిల్లల్లో పుర్రె పలచగా ఉండి ఎలక్ట్రోడ్‌ను పట్టి ఉంచే బోల్టు సరిగా నిలవదు, వాళ్ల విషయంలోనూ డాక్టర్లు గ్రిడ్ గురించి ఆలోచిస్తారు.