హస్తవాసి ఉండీ బాగుపడని మనిషి

ముందే చెప్పేస్తున్నా, బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ ష్మిట్‌కీ నాకూ గట్టు తగాదా ఏం లేదు. ఆయనది బ్రెజిల్‌లో నటాల్, మనకి పొలం సరిహద్దులు కలవవు. కానీ ఆయన్ని చూసి పిల్లలు చెడిపోతారేమో అన్న బాధతో రాస్తున్నా, అంతే.

1984లో ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) న్యూజెర్సీ నెట్స్ అనే టీమ్ వాళ్లు ఈయన్ని ఆరో రౌండ్‌లో, 131వ నంబర్‌లో తీసుకున్నారు. నంబర్ ఎంతైతే ఏంటండీ, న్యూజెర్సీ! మనవైపు ఆ పేరు చెప్తే చాలు, జాతకాలు చూడకుండా సంబంధం ఖాయం చేసేస్తారు. ఈయన రానన్నాడు. ఎందుకయ్యా అంటే, ఎన్‌బీఏలో ఆడితే దేశం టీమ్‌కి ఆడనివ్వరంట. అప్పటి రూల్ అలాంటిది మరి, ఇటలీలో ఈయన ఆడే కసెర్టా క్లబ్ దగ్గర జీతం తీసుకుంటే అమెచ్యూరే, అదే జీతం ఎన్‌బీఏలో తీసుకున్నావో ప్రొఫెషనల్, మైలపడిపోయినట్టే, ఒలింపిక్స్ గడప తొక్కకూడదు. ఆ రూల్ తీసేసేసరికి 1989 వచ్చింది, ఈయనకి 31 ఏళ్లొచ్చాయి.

పోనీ కసెర్టాలో ఏమన్నా ఉద్ధరించాడా? ఎనిమిదేళ్లు బుట్టల కొద్దీ పాయింట్లు కొట్టాడు, ఇటలీ లీగ్ టైటిల్ మాత్రం రాలేదు. 1990లో ఈయన వెళ్లిపోయాడు, 1991లో వాళ్లు టైటిల్ గెలిచేశారు. శని వదిలిందని అక్కడ ఎవరైనా అన్నారో లేదో, మా వీధిలో అయితే అనేవాళ్లు.

బ్రెజిల్ వాళ్లు ఈయన్ని "మావ్ సాంతా" అంటారు, అంటే పవిత్రమైన చెయ్యి, మన డాక్టర్లకి చెప్పుకునే హస్తవాసి లాంటిదనుకోండి. దానికీ పేచీయే! పవిత్రం కాదు గాడిద గుడ్డు కాదు, ప్రాక్టీస్ చేసిన చెయ్యి అంటాడు. ఊరికే దేవుడిచ్చాడని ఒప్పేసుకుంటే పోయేది కదా, కష్టపడ్డానంటే ఎవడు దండం పెడతాడు?

అయినా ఆ చేతిలోకి బాల్ వెళ్తే పోస్ట్ డబ్బాలో వేసిన శుభలేఖే, వెనక్కి రాదు. 1987లో ఇండియానాపోలిస్‌లో పాన్ అమెరికన్ గేమ్స్ ఫైనల్, అమెరికా వాళ్ల సొంత గడ్డ, హాఫ్ టైమ్‌కి 68-54, వాళ్లదే లీడ్. అతిథిగా వెళ్లినవాడు ఆ స్కోరు చూసి మర్యాదగా ఓడిపోయి రావాలి. ఈయనా, మార్సెల్ అని ఈయన టీమ్‌లోనే ఇంకో ఆయనా దూరం నుంచి త్రీ పాయింటర్లు విసురుతూనే ఉన్నారు, అమెరికా టీమ్‌లో డేవిడ్ రాబిన్సన్ అంత పొడుగు మనిషి బుట్ట దగ్గర కాపలా ఉంటే మాత్రం ఏం లాభం, బాల్ పైనుంచి పోతుంటే? 120-115. ఈయన ఒక్కడివే 46. గెలిచాక నేల మీద పడి ఏడ్చాడు! పెట్టిన అన్నం తిని, ఆ ఇంట్లోనే శోకాలు.

ఐదు ఒలింపిక్స్ ఆడాడు, మొత్తం 1,093 పాయింట్లు, మెడల్ సున్నా. 1988 సియోల్‌లో సగటున మ్యాచ్‌కి 42.3, స్పెయిన్ మీద 55. అన్ని కొట్టినా బ్రెజిల్ ఐదో ప్లేసు. డిఫెన్స్ అనేది ఒకటుంటుందని ఈయనకి ఎవరూ చెప్పలేదో, చెప్పినప్పుడు షూట్ చేస్తున్నాడో.

1998లో సావో పాలో నుంచి సెనేట్‌కి కూడా నిలబడ్డాడు, ఓడిపోయాడు. ఇంత ఫేమస్ చెయ్యి పెట్టుకుని ఓట్లు పడకపోవడం ఏంటో! అక్కడ హస్తం గుర్తు లేదనుకుంటా.

అమెరికా వాళ్లకేమో పౌరుషం లేదు. ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ ఆడనివాడిని 2013లో బాస్కెట్‌బాల్ గొప్పవాళ్లకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు, పక్కన ఎన్‌బీఏ పాత స్టార్ లారీ బర్డ్‌ని నిలబెట్టి మరీ. ఇంకో నాలుగేళ్లకి, 2017 ఫిబ్రవరిలో, ఎన్‌బీఏ ఆల్ స్టార్ వీకెండ్‌లో సెలబ్రిటీలు సరదాగా ఆడే మ్యాచ్‌కి న్యూ ఆర్లీన్స్ పిలిచారు. అప్పుడు వచ్చాడు మహానుభావుడు, 59వ పుట్టినరోజు మర్నాడు. 33 ఏళ్లు ఆలస్యంగా డ్యూటీలో చేరి, వెళ్లీ వెళ్లగానే ఏం చేశాడంటారు? షూటింగే.