పాత జీసీసీ కావాలంటే పక్కన పెట్టుకోండి, ఉన్నదాన్ని పీకకండి బాబూ

కొంచెం కోపంగానే రాస్తున్నా. పాత సీ కోడ్ కొత్త లైనక్స్ మెషీన్‌లో జీసీసీతో (సీ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్) కంపైల్ అవ్వట్లేదని ఎవరైనా అనడం ఆలస్యం, "ఉన్న జీసీసీ పర్జ్ చేసేసి పాతది ఎక్కించు" అనేవాళ్ళు రెడీగా ఉంటారు. ఇంకొందరు మహానుభావులైతే పేరు చివర స్టార్ పెట్టి మరీ (అంటే ఆ పేరుతో మొదలయ్యేవన్నీ తీసెయ్ అని) కొట్టమంటారు. ఎంటర్ కొట్టేముందు ఆ రిమూవ్ లిస్ట్ ఎప్పుడైనా చదివారా అసలు? జీసీసీ పేరుతోనే మొదలయ్యే ఒక బేస్ ప్యాకేజీ ఉంటుంది, దాని మీద లిబ్‌జీసీసీ, దాని మీద సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ, దాని మీద ఆప్ట్ (ఉబుంటు లాంటి లైనక్స్‌లలో ప్యాకేజీలు ఎక్కించే టూల్) ఆధారపడి ఉంటాయి, ఎందుకంటే ఆప్ట్ రాసిందే సీ ప్లస్ ప్లస్‌లో. అంటే ఆ లిస్ట్‌లో ఆప్ట్ కూడా ఉంటుంది. అది పోయాక పాత జీసీసీని దేంతో ఎక్కిస్తారు స్వామీ? ఆప్ట్ అడ్డుపడుతూనే ఉంటుంది పాపం, ఆ అడ్డు దాటే ఆప్షన్ ఏంటని వెతికేవాళ్ళని ఏమనాలి.

పాత వెర్షన్ కావాలనుకోవడం తప్పని అనట్లేదు. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా గ్లోబల్ వేరియబుల్ రాసి రెండు ఫైళ్ళలో ఇంక్లూడ్ చేస్తే లింకర్ (కంపైల్ అయిన ముక్కల్ని కలిపేది) 'మల్టిపుల్ డెఫినిషన్' అని ఏడుస్తుంది. 2024లో వచ్చిన 14 అయితే డిక్లేర్ చెయ్యకుండా ఫంక్షన్ కాల్ చేస్తే ఎర్రరే, అంతకుముందు ఉత్త వార్నింగ్‌తో పోయేది. కోడ్ సరిచేసుకోవడమే మంచిది, కానీ వేరేవాళ్ళ కోడ్, టైం లేదు, ఒప్పుకుంటా. అలాంటప్పుడు ఉబుంటు 24.04లో డీఫాల్ట్ 13 ఉన్నా జీసీసీ-12, జీ++-12 (సీ ప్లస్ ప్లస్ కంపైలర్) రెండూ ఆప్ట్‌తో ఎక్కించుకోవచ్చు, మూడు నాలుగు వెర్షన్లు గొడవ లేకుండా ఒకే మెషీన్‌లో ఉంటాయి. దేన్నీ పీకక్కర్లేదు.

ఇక్కడే రెండో సలహా వస్తుంది, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో (ఒక పేరు ఏ ప్రోగ్రామ్‌ని పిలవాలో మార్చే టూల్) డీఫాల్ట్ మార్చెయ్ అని. డెబియన్, ఉబుంటుల్లో కంపైలర్ల వరకు ఆ టూల్ కింద ఉండేవి సీసీ, సీ++ లాంటి పేర్లే. జీసీసీ అనే లింకు ప్యాకేజీ సొంతది, మీరు బలవంతంగా మార్చినా ఆ ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయిన రోజు చెప్పాపెట్టకుండా వెనక్కి పోతుంది. పైగా సగంమంది జీసీసీ మార్చి జీ++ మర్చిపోతారు, ఇక ఒకటి 12, ఇంకోటి 13, ఎర్రర్ ఎక్కడిదో ఎవడికీ అర్థం కాదు.

సిస్టమ్ కూడా డీఫాల్ట్‌ని నమ్ముకుని కూర్చోదు. ఉబుంటు 22.04లో డీఫాల్ట్ 11, కానీ దానికి తర్వాత వచ్చిన 6.5 కెర్నల్‌ని (లైనక్స్ గుండెకాయ) జీసీసీ 12తో బిల్డ్ చేశారు. దానికి మాడ్యూల్స్ (డ్రైవర్ల లాంటివి) కట్టబోతే 'ఎఫ్-ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్' అనే ఆప్షన్ నాకు తెలీదని 11 చేతులెత్తేసేది, జీసీసీ-12 ప్యాకేజీ పక్కన ఎక్కిస్తే పనయిపోయేది. మీ కెర్నల్ దేంతో కట్టారో ప్రాక్ ఫోల్డర్‌లో వెర్షన్ ఫైల్‌ని క్యాట్ చేస్తే అదే చెప్తుంది.

కాబట్టి కావాల్సినదాన్ని పేరుపెట్టి పిలవండి, మేక్ (బిల్డ్ నడిపే టూల్) కమాండ్ ముందు సీసీ=జీసీసీ-12 సీఎక్స్ఎక్స్=జీ++-12 అని పెడితే ఆ ఒక్క బిల్డ్‌కే వర్తిస్తుంది (మేక్‌ఫైల్‌లో ఎవరైనా జీసీసీ అని నేరుగా రాసిపెట్టకపోతే, అలా రాసేవాళ్ళ గురించి ఇంకో పోస్ట్ వెయ్యాలి). సీమేక్ (ఇంకో బిల్డ్ టూల్) అయితే మొదటిసారి చూసిన కంపైలర్‌నే క్యాష్‌లో పట్టుకుని కూర్చుంటుంది, వేరియబుల్ మార్చినా వినదు, బిల్డ్ ఫోల్డర్ డిలీట్ చేసి మళ్ళీ రన్ చెయ్యండి.

సోర్స్ నుంచి కట్టుకునేవాళ్ళు కూడా ప్రిఫిక్స్ (ఎక్కడ పెట్టాలో చెప్పే ఆప్షన్) ఇవ్వకుండా సుడో మేక్ ఇన్‌స్టాల్ కొట్టకండి, అది యూఎస్ఆర్ లోకల్‌లో పడుతుంది, కమాండ్లు వెతికే పాత్‌లో అదే ముందుంటుంది కాబట్టి ఆప్ట్‌కి తెలీకుండా డీఫాల్ట్ మారిపోయినట్టే. /opt ఫోల్డర్ (ఆప్ట్ టూల్ కాదు) కింద వెర్షన్ పేరుతో పెట్టండి, వద్దనుకున్నప్పుడు ఆ ఫోల్డర్ తీసేస్తే చాలు. కాకపోతే కట్టుకున్నది సిస్టమ్‌లో ఉన్నదానికంటే కొత్త వెర్షన్ అయితే, దాంతో కట్టిన సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ 'జీలిబ్‌సీఎక్స్ఎక్స్ నాట్ ఫౌండ్' అంటే కంపైలర్‌ని తిట్టకండి, సిస్టమ్‌లో ఉన్న లిబ్‌ఎస్‌టీడీసీ++ (పైన చెప్పిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ) పాతది, ఆర్‌పాత్ పెట్టి కొత్తది ఎక్కడుందో చూపించండి.